ఓడ రాకున్నా అల ఆగదు.. చెరువు కట్ట జాగ్రత్త!

ఓడలు పోయేటప్పుడు లేచే అలలకు నదుల ఒడ్లు, కాలువ గట్లు కోసుకుపోతాయంటే తాడిపత్రి పక్క రైతులకు నవ్వు రావచ్చు. ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే జిల్లా మనది. పెన్నలో ఏడాదిలో ఎక్కువ రోజులు కనబడేది ఇసుకే. ఓడ మాట దేవుడెరుగు, పుట్టి తేలేటన్ని నీళ్లు వస్తే అదే పదివేలు. అలాంటప్పుడు ఓడల అలలతో మనకేం పని?

పని వుంది. ఒడ్డును కోసేది అల. దాన్ని ఓడ లేపిందా, గాలి లేపిందా అన్నది మట్టికి అనవసరం. నీటి అంచున ఒకే చోట, పొద్దస్తమానం కొడుతూ వుంటే ఎంతటి గట్టయినా కరిగిపోతుంది. మనకు ఓడలు లేవు కానీ చెరువులున్నాయి. చెరువు మీద గాలి వుంది. చాలా వూళ్లలో చెరువు నిండటం అన్నది కొన్నేళ్లకోసారి వచ్చే పండగ. ఆ నిండిన ఏడాదే కట్ట తెగితే రైతు రెండు విధాల నష్టపోతాడు. నీళ్లు పోతాయి. కింద మడుల్లో ఇసుక మేట వేసి, వున్న మంచి మట్టి కూడా కొట్టుకుపోతుంది. ఎకరా రెండెకరాల రైతు ఆ దెబ్బ నుంచి తేరుకోవాలంటే ఏళ్లు పడుతుంది.

నదుల్లో, కాలువల్లో ఓడలు నడిచే చోట్ల ఒడ్ల కోత గురించి ఇంజనీర్లు ఎప్పటి నుంచో లెక్కలు కట్టారు. ఆ లెక్కలు మన చెరువు కట్టకు కూడా పనికొస్తాయి. అందుకే ఈ వారం ఆ సంగతులు.

సీమలోనూ పడవలు నడిచాయి

రాయలసీమకు పడవలు కొత్తేమీ కాదు. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా పోయే కర్నూలు-కడప కాలువ (కేసీ కెనాల్) సంగతి అందరికీ తెలుసు. ఆ కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వాళ్లు 1863-70 మధ్య తవ్వించారు. పొడవు సుమారు 306 కిలోమీటర్లు. అప్పట్లో దాన్ని సేద్యానికి ఒక్కదానికే తవ్వలేదు. సరుకుల పడవలు నడపాలన్నది కూడా కంపెనీ లెక్క. లాభాలు రాక కంపెనీ చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. 1933లో పడవల రాకపోకలు ఆగిపోయాయి. ఆ తర్వాత అది పూర్తిగా సేద్యపు కాలువ అయిపోయింది. మన పెన్న మీది ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట కూడా ఈ కాలువ కోసం కట్టిందే.

కోస్తాలో అయితే గోదావరి, కృష్ణా డెల్టా కాలువలన్నీ ఒకప్పుడు పడవల దారులే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువల మీద లాకులు కట్టి పడవలు నడిపారు. తీరం వెంట పోయే బకింగ్‌హాం కాలువలో కొంత భాగాన్ని 1876-78 కరువులో కూలీలకు పని చూపించడానికి తవ్వించారు. ఆ కాలపు కాలువ పడవలను ఎక్కువగా మనుషులే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. నడక వేగం కాబట్టి పెద్ద అలలు లేచేవి కావు. మరపడవలు వచ్చాకే ఒడ్లకు కష్టం మొదలయింది.

2016లో పార్లమెంటు చేసిన చట్టంలో దేశం మొత్తం మీద 111 జాతీయ జలమార్గాలున్నాయి. ఆ జాబితాలో మన పెన్న పేరు కూడా వుంది. అయితే అది నెల్లూరు జిల్లాలో సముద్రం దగ్గరి చివరి ముక్క మాత్రమే. తాడిపత్రి దాకా పడవ వస్తుందని ఎవరూ ఆశ పడనక్కర్లేదు.

పడవ పోతే గట్టుకేమవుతుంది?

పడవ కదలాలంటే ముందున్న నీటిని పక్కకు తోయాలి. ఆ తోసిన నీరు అలలై రెండు పక్కలా విచ్చుకుంటుంది. మడక దున్నేటప్పుడు మట్టి రెండు పక్కలకు ఒరిగినట్టు అనుకోండి. లోతైన నీటిలో ఈ అలలు పడవ దారికి ఒక్కో పక్కన 19.5 డిగ్రీల వాటంగా వెళ్తాయని 1887లో బ్రిటన్ శాస్త్రవేత్త విలియం థామ్సన్ లెక్క కట్టారు. ఆయనే తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యారు. పడవ నెమ్మదిగా పోయినా, కాస్త జోరుగా పోయినా ఈ వాటం మారదు. మారేది అల ఎత్తు. వేగం పెరిగే కొద్దీ అల ఎత్తు బాగా పెరుగుతుంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. అల ఎత్తు రెండింతలయితే దాని బలం నాలుగింతలవుతుంది. అంటే అర్ధ అడుగు అల కొట్టే దెబ్బకు, అడుగు అల కొట్టే దెబ్బకు నాలుగు రెట్లు తేడా. ఈ లెక్క చెరువు కట్ట దగ్గర మళ్లీ వస్తుంది.

పడవ ఒడ్డుకు దూరంగా పోతే ఫరవాలేదు కదా అనుకోవచ్చు. కానీ అల అంత తొందరగా చావదు. లోతు నీటిలో దూరం ఎనిమిది రెట్లయితే కానీ అల ఎత్తు సగానికి తగ్గదు. అందుకే ఒడ్డును కాపాడటానికి చాలా దేశాల్లో పడవల వేగం మీదే ఆంక్షలు పెట్టారు.

ఇరుకు కాలువలో ఇంకో చిక్కుంది. పడవ కాలువ నిండుగా వుంటే నీరు దాని రెండు పక్కల నుంచి గబగబా వెనక్కి పారాలి. అప్పుడు పడవ పక్కన నీటిమట్టం ఒక్కసారి దిగుతుంది. గట్టు అంచున నీరు వెనక్కి తగ్గి, తడి మట్టి బయటపడుతుంది. పడవ దాటగానే నీరు తిరిగి ఎగదన్నుకొస్తుంది. గట్టు లోపల ఇంకి వున్న నీరు బయటికి వస్తూ మట్టిని కూడా లాక్కొస్తుంది. అల కొట్టే దెబ్బ కంటే ఈ లాగుడే కొన్నిచోట్ల ఎక్కువ చెరుపు చేస్తుంది.

కాలువలో అల ఎంత దూరం పోతుందో చెప్పే ముచ్చట ఒకటుంది. 1834లో స్కాట్లాండులో జాన్ స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు ఎడింబరో దగ్గర ఒక కాలువ గట్టున వున్నారు. రెండు గుర్రాలు లాగుతున్న పడవ అర్ధంతరంగా ఆగింది. పడవ ముందు పోగయిన నీరు మాత్రం ఆగలేదు. అడుగు, అడుగున్నర ఎత్తున ఒకే ఒక్క అలగా కాలువ వెంట పరిగెత్తింది. ఆయన గుర్రమెక్కి వెంటపడ్డారు. గంటకు ఎనిమిది తొమ్మిది మైళ్ల వేగంతో పోయిన ఆ అల, మైలు రెండు మైళ్లు పోయాక కానీ కనుమరుగు కాలేదట.

ఇటలీలో వెనీసు నగరం నీటి కాలువల మధ్యనే వుంటుంది. అక్కడ మోటారు బోట్ల అలలకు ఇళ్ల పునాదులు దెబ్బతింటున్నాయని బోట్ల వేగం మీద హద్దులు పెట్టారు. మనకు దగ్గర్లో కేరళ కుట్టనాడు వుంది. అక్కడి వరి పొలాలు సముద్ర మట్టం కంటే దిగువన వుంటాయి. చుట్టూ వేసిన గట్లే ఆ పొలాలకు దిక్కు. ఆ గట్ల పక్కనుంచే పడవలు తిరుగుతాయి. అక్కడ గట్టు తెగిందంటే పంట మొత్తం నీటి పాలే.

గట్టు ఒక్కరోజులో కూలదు

పడవ అలయినా, గాలి అలయినా గట్టును కొట్టే తీరు ఒక్కటే. నీటిమట్టం దగ్గర ముందు మెత్తటి మట్టి కరిగి నీటిలో కలుస్తుంది. ఆ చోట చిన్న మెట్టు పడుతుంది. మెట్టు లోపలికి పోయే కొద్దీ పైమట్టి కింద ఆధారం వుండదు. ఒకరోజు అది పెళ్లగా విరిగి నీటిలో పడుతుంది. పడిన మట్టిని అల నలిపి లోపలికి ఈడ్చుకుపోతుంది. మళ్లీ కొత్త మెట్టు మొదలు. కట్ట మీద నడిచేవాళ్లకు పైన బాగానే కనిపిస్తుంది. లోపలి పక్క మాత్రం కట్ట మందం ఏటికేడు తగ్గుతూ వుంటుంది. ఇంకో నష్టం కూడా వుంది. కోసుకుపోయిన మట్టి అంతా చెరువులోనే పూడికగా చేరుతుంది.

మన చెరువు మీద గాలే ఓడ

అనంతపురం జిల్లా గాలి సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు పెట్టారంటే ఇక్కడ గాలి ఎంత జోరో తెలుస్తుంది. ఈ గాలి నిండు చెరువు మీద వీచితే అలలు లేస్తాయి. ఆ అల ఎంత ఎత్తు లేస్తుందన్నది మూడింటి మీద ఆధారపడి వుంటుంది: గాలి జోరు, ఎంతసేపు వీచింది, ఎంత దూరం నీటి మీద వీచింది.

ఈ మూడోదే మన చేతి లెక్క. కట్ట మీద నిలబడి గాలికి ఎదురుగా చూడండి. ఎదుటి ఒడ్డు ఎంత దూరమో అదే అల పరుగెత్తే దూరం. గంటకు 50-55 కిలోమీటర్ల గాలి ఒక కిలోమీటరు నీటి మీద వీస్తే, కట్ట దగ్గరకు వచ్చేసరికి అల సుమారు ఒక అడుగు ఎత్తు వుంటుందని ఇంజనీర్ల లెక్క. అదే గాలి నాలుగు కిలోమీటర్ల నీటి మీద వీస్తే అల రెండడుగులవుతుంది. ఎత్తు రెండింతలు, బలం నాలుగింతలు. చిన్న కుంట కట్ట ఏళ్ల తరబడి నిలిచి, పెద్ద చెరువు కట్ట ఒక్క గాలికి దెబ్బతినడానికి ఇదే కారణం.

ఆ అడుగు అల ఎన్నిసార్లు కొడుతుందో కూడా చూద్దాం. పైన చెప్పిన కిలోమీటరు చెరువులో ఒక అలకు, ఇంకో అలకు మధ్య రెండు సెకన్లు కూడా వుండదు. నిమిషానికి సుమారు 35 దెబ్బలు. గంటకు రెండు వేలకు పైగా. ఒక పగలు, ఒక రాత్రి గాలి ఆగకుండా వీస్తే 50 వేల దెబ్బలు. కాలువలో పడవ రోజుకు కొన్నిసార్లు పోతుంది. గాలికి మాత్రం సెలవు లేదు.

ఏ కట్టకు ముప్పు ఎక్కువ?

ముంగారు నెలల్లో మనకు గాలి పడమటి దిక్కు నుంచి వస్తుంది. అంటే చెరువుకు తూర్పు పక్కన కట్ట వున్నచోట అలలన్నీ నేరుగా కట్టకే తగులుతాయి. హింగారులో, తుపాను రోజుల్లో గాలి తూర్పు, ఈశాన్యం నుంచి తిరుగుతుంది. అప్పుడు పడమటి పక్క, నైరుతి మూల గట్లకు దెబ్బ.

వెనకటికి ముంగారు గాలి జోరుగా వున్నప్పుడు చెరువులు ఎక్కువగా ఎండి వుండేవి. చెరువు నిండేసరికి ఆ గాలి తగ్గేది. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ పరిస్థితి మారింది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లకు తోడు, 2012 నుంచి హంద్రీ-నీవా నీళ్లు జిల్లాలోకి వచ్చాయి. కాలువ నీళ్లు పట్టిన చెరువుల్లో గాలి నెలల్లో కూడా నీరు నిలిచి వుండవచ్చు. నీరు చాలాకాలం ఒకే మట్టంలో వుంటే అల కూడా ఒకే గీత మీద కొడుతుంది. అక్కడ మెట్టు లోతుగా పడుతుంది. నీళ్లొచ్చాయన్న సంతోషంలో కట్ట సంగతి మరచిపోకూడదు.

మట్టిని బట్టి కూడా తేడా వుంటుంది. తాడిపత్రి, యాడికి, పెద్దవడుగూరు పక్క నల్లరేగడి ఎక్కువ. ఎండితే అది నెర్రెలిస్తుంది. నెర్రెల్లోకి నీరు దిగి, అల తగలగానే పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి నెర్రెలివ్వదు కానీ, బంక తక్కువ కాబట్టి అలకు తొందరగా కరుగుతుంది.

తూముల దగ్గర కూడా ఒక జాగ్రత్త కావాలి. కాలువలో పడవ దాటినప్పుడు నీరు ఒక్కసారి దిగి గట్టు జారుతుందని పైన చెప్పుకున్నాం. నిండు చెరువుకు తూములన్నీ ఒకేసారి ఎత్తేసి నీళ్లు గబగబా దించినా అదే జరుగుతుంది. కట్ట లోపలి పక్క మట్టి నీరు తాగి బరువెక్కి వుంటుంది. ముందున్న నీటి ఆసరా పోగానే జారుతుంది. నల్లమట్టి కట్టలకు ఈ భయం ఎక్కువ. నీళ్లు నిదానంగా దించుకోవాలి.

ఆరున్నర శతాబ్దాల కిందటే చెప్పారు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి వుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించినప్పుడు వేయించింది. మంచి చెరువుకు వుండాల్సిన 12 లక్షణాలు, వుండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. కట్ట మరీ పొడుగు కాకుండా గట్టి రాతికట్టుగా వుండాలన్నది ఒక లక్షణం. పొడుగాటి, వంకర లేని రాళ్లు దొరికే గని దగ్గర్లో వుండాలన్నది ఇంకొకటి. కట్ట నుంచి నీరు కారడం దోషాల్లో ఒకటి. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు పెట్టి రెండేళ్లలో పని ముగించారని కూడా శాసనం చెబుతుంది. రాయి లేని మట్టి కట్ట నీటి ముందు నిలవదని మన పెద్దలకు బాగా తెలుసు.

రాయి ఎలా పేర్చాలి?

కట్ట లోపలి పక్క రాయి పేర్చడాన్ని రివిట్‌మెంట్ అంటారు. ఈ పని చేయించేటప్పుడు రైతులు దగ్గరుండి కింది సంగతులు చూసుకోవాలి.

1. కింద పునాది: రాతికట్టు అడుగున కందకం తీసి పెద్ద రాళ్లతో కాలు వేయాలి. కాలు లేని రాతికట్టు మొత్తంగా కిందికి జారుతుంది.

2. కంకర పొర: రాయిని నేరుగా మట్టి మీద పేర్చకూడదు. మధ్యలో ఆరంగుళాల కంకర పొర వుండాలి. లేకుంటే అల వెనక్కి పోయేటప్పుడు రాళ్ల సందుల్లోంచి మట్టిని పీల్చుకుపోతుంది. పైన రాయి వున్నట్టే కనిపిస్తుంది, లోపల బొక్క పడుతుంది. చాలాచోట్ల రాతికట్టు గుంతలు పడటానికి కారణం ఇదే.

3. రాయి బరువు: అడుగు ఎత్తు అలకు అయిదు కిలోల రాయి కదలకుండా నిలుస్తుందని లెక్క. కానీ రెండడుగుల అలకు పది కిలోలు చాలవు, 40 కిలోలు కావాలి. అల రెండింతలయితే రాయి బరువు ఎనిమిదింతలు కావాలన్నమాట. మామూలు చెరువులకు తొమ్మిది అంగుళాల నుంచి అడుగు మందం రాతికట్టు వేస్తారు. పెద్ద చెరువుకు చిన్న రాళ్లు తోలి కొలతల పుస్తకంలో లెక్క రాసుకుంటే ఒప్పుకోవద్దు.

4. పేర్చే తీరు: రాయి పొడుగు కట్ట లోపలికి పోయేట్టు, తల బయటికి కనబడేట్టు గట్టిగా బిగించి పేర్చాలి. సందుల్లో చిన్న రాళ్లు కొట్టాలి. రాయిని పడుకోబెడితే అల సులభంగా లేపేస్తుంది.

5. ఎంత ఎత్తు వరకు: తూము గడప మట్టం నుంచి మరవ (అలుగు) మట్టానికి పైన రెండు మూడడుగుల వరకు రాయి వుండాలి. అల వాలు మీద పైకి ఎగబాకుతుంది కాబట్టి నీటిమట్టం దగ్గరే ఆపేస్తే లాభం లేదు.

తాడిపత్రి అంటేనే బండలకు పేరు. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పగిలిన నాపబండ ముక్కలు కుప్పలుగా దొరుకుతాయి. వాటిని కట్టకు పరిస్తే ఖర్చు కలిసొస్తుందని అనిపిస్తుంది. కానీ నున్నటి బండను పరుపుగా వేస్తే అల ఆగదు, జారుడు బండ మీద ఎక్కినట్టు ఇంకా పైకి ఎక్కుతుంది. పలచటి బండ కింద నీరు చేరితే బండే లేచిపోతుంది. గరుకు రాయి అయితే అల దాని సందుల్లో పడి విరుగుతుంది. బండ ముక్కలే వాడాల్సి వస్తే మందమైనవి ఏరి, నిలువుగా అంచు బయటికి వుండేట్టు దగ్గర దగ్గరగా బిగించాలి. పాలిష్ చేసినప్పుడు వచ్చే మెత్తటి మడ్డిని మాత్రం కట్టకు వాడొద్దు. అలకు అది నిలవదు.

రాయికి డబ్బు లేకుంటే గడ్డి

అన్ని కట్టలకూ రాయి తోలే స్తోమతు వుండదు. చిన్న చెరువులకు, కుంటలకు గడ్డి కూడా మేలు చేస్తుంది. నీటి అంచున తుంగ, రెల్లు వుంటే అల వాటి మధ్య నలిగి బలం తగ్గుతుంది. కట్ట వాలు మీద గరిక పట్టిస్తే వేర్లు మట్టిని పట్టుకుంటాయి. నీటిమట్టానికి పైన అడ్డంగా వరసల్లో వట్టివేరు నాటినా మంచిదే. దాని వేర్లు నిలువుగా లోతుకు పోతాయి. మేతకు, పైకప్పులకు కోసుకున్నా మొదళ్లు వుంచి కోయాలి కానీ పెరికేయకూడదు.

కంప చెట్ల సంగతి వేరు. కట్ట మీద కంప దట్టంగా పెరిగితే కట్టను కాపాడుతుందని కొందరు అనుకుంటారు. చెట్టు పెద్దదై చచ్చాక వేరు కుళ్లి, ఆ దారిన కట్టలోకి నీరు దూరుతుంది. కంప చాటున ఎలుకలు, ఉడుములు బొరియలు చేసినా కనబడదు. మొక్కగా వున్నప్పుడే తీసేయాలి.

మరవకు మూటలు వేస్తే ముప్పు కొనితెచ్చుకున్నట్టే

చెరువు నిండుతుంటే ఇంకో అడుగు నీళ్లు ఆపుకుందామని కొన్ని వూళ్లలో మరవ మీద ఇసుక మూటలు పెడతారు. ఆశ అర్థమవుతుంది. కానీ లెక్క చూడండి. మరవ మట్టం కంటే కట్ట నాలుగడుగులు ఎత్తు వుందనుకుందాం. వరదకు మరవ మీద ఒకటిన్నర అడుగు నీరు పారితే మిగిలేది రెండున్నర అడుగులు. బండ్లు, ట్రాక్టర్లు ఎక్కి దిగేచోట కట్ట ఒక అడుగు అణిగి వుంటే ఒకటిన్నర అడుగే మిగులుతుంది. అడుగు అల వాలు మీద ఒకటిన్నర అడుగు దాకా ఎగబాకగలదు. అంటే మూటలు వేయకముందే మిగులు లేదు. పైన ఇంకో అడుగు నీరు ఆపితే అల కట్ట దాటి అవతలికి పోస్తుంది.

అవతలి పక్క రాయి వుండదు, మట్టే. దాని మీద నీరు జారితే ముందు గాడి, ఆపైన గండి. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి దిగువ వూళ్లలో ఎన్నో ప్రాణాలు పోయాయి. అది వరద పొంగి తెగిన కట్ట, అలలతో తెగింది కాదు. కానీ నీరు పైకెక్కితే ఎంత పెద్ద మట్టికట్టయినా నిలవదని అది చూపించింది. నాలుగడుగుల మిగులు వుత్తినే వదిలిపెట్టిన ఎత్తు కాదని గుర్తుంచుకోవాలి. దాన్ని అలకు, వరదకు వదిలారు.

పొలంలో తవ్వుకునే ఫారంపాండ్లకు ఈ భయం లేదు. పది మీటర్ల గుంతలో గాలికి పరుగెత్తే జాగా లేదు కాబట్టి అలలు లెక్కలోకి రావు. అక్కడ రాయి ఖర్చు నీరు దిగేచోట, పొర్లిపోయేచోట పెట్టుకుంటే చాలు. చాగల్లు, సుబ్బరాయసాగర్ లాంటి జలాశయాల అంచుల్లో చేలున్నవాళ్లు మాత్రం నీటి అంచు వరకు దున్నకుండా కొంత మేర గడ్డిని వదిలితే వాళ్ల మట్టే వాళ్లకు మిగులుతుంది. రేపు ఏ జలాశయంలోనైనా బోటు షికారు పెడితే, మట్టికట్టల పక్కన బోట్లు నెమ్మదిగా పోయేట్టు ముందే కట్టడి చేయమని అడగాలి.

కట్ట ఎవరు చూడాలి?

వెనకటికి సీమలో చెరువుల మరమ్మతుకు దశబంధం ఇనాములు ఇచ్చేవాళ్లు. ఇనాము భూమి అనుభవించే వాడిదే కట్ట బాగోగుల బాధ్యత. నీరుగంటి రోజూ కట్ట మీద తిరిగేవాడు. ఆ పద్ధతి పోయాక కట్ట ఎవరిదీ కాకుండా పోయింది. కట్టకు పేర్చిన రాయే ఇంటి పునాదులకు తరలిపోయిన వూళ్లు లేకపోలేదు. ఒక రాయి తీస్తే దాని పక్కవి వాటంతటవే వదులవుతాయి. మిగతా పని అల చూసుకుంటుంది.

1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. 2024 డిసెంబరులో రాష్ట్రంలో సాగునీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఆయకట్టు రైతులు సంఘం సమావేశాల్లో కట్ట మాట ఎత్తాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం కింద చాలా చెరువుల్లో పూడిక తీశారు. పూడిక తీయడం మంచిదే. కానీ కోత ఆపకుండా పూడిక తీస్తే, కట్ట మట్టి మళ్లీ చెరువులోకే వస్తుంది. గ్రామసభలో పనుల జాబితా రాయించేటప్పుడు పూడికతో పాటు రాతికట్టు కూడా అడగండి.

చెరువు నిండక ముందే చేయాల్సినవి

చెరువు ఎండి వున్నప్పుడే నలుగురు రైతులు కలిసి కట్ట లోపలి పక్క ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. నిలువుగా కోసిన మెట్టు ఎక్కడెక్కడ వుందో చూసి కొలవాలి. రాయి లేచిన చోటుకు, కట్ట అణిగిన చోటుకు గుర్తు పెట్టాలి. వీటిని ఒక కాగితం మీద రాసి సంఘం అధ్యక్షునికి, చిన్న నీటిపారుదల శాఖ ఇంజనీరుకు ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి.

నీళ్లొచ్చాక నీటి అంచుకు మూడడుగుల పైన వరసగా గూటాలు పాతండి. నెల తర్వాత కోత అంచు నుంచి గూటం వరకు కొలిస్తే మట్టి ఎంత పోయిందో తెలుస్తుంది. గాలి రోజున చెరువు మధ్య నీరు తేటగా, కట్ట వెంట మాత్రం పట్టీలా మురికిగా కనబడిందంటే కట్ట మట్టి పోతోందని గుర్తు.

చెరువు నిండి వుండగా మెట్టు లోతవుతుంటే రాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. కంప కొట్టి మోపులు కట్టి, రాళ్ల బరువుతో నీటి అంచున వరసగా దించండి. మూడొంతులు నింపిన ఇసుక సంచులను కింది నుంచి పైకి పేర్చండి. ఇది ఆ సీజను గట్టెక్కడానికి మాత్రమే. కట్ట మీద నిలువునా నెర్రె కనబడినా, బయటి పక్క నుంచి మురికి నీరు కారుతున్నా వెంటనే తహసీల్దారు కార్యాలయానికి, ఇంజనీర్లకు కబురు చేసి, కట్ట కింది ఇళ్లవాళ్లను పశువులతో సహా పక్కకు తప్పించాలి.